మెంబరుగారి మేర

"అది మేర కాదు," అన్నారు మెంబరుగారు.

శ్రీకాకుళం ట్రావెలర్స్ బంగళాలో, శాసనసభ హక్కుల సంఘం ముందు, సాక్షి చెబుతుండగా మధ్యలో లేచి అన్న మాట అది. ఆ సాక్షి వేరే పక్షం మనిషి కాదు. మెంబరుగారిని కాపాడడానికే వంశధార ఒడ్డు నుంచి బస్సు మారి వచ్చిన ముసలి రైతు. విశాఖపట్నం నుంచి వచ్చిన ప్లీడరు మెంబరుగారి కండువా పట్టుకుని కిందికి లాగాడు. కండువా వచ్చింది గాని మెంబరుగారు కూర్చోలేదు.

"అది మేర కాదు. రాసుకోండి," అన్నారు మళ్ళీ.

సంఘం కార్యదర్శి రాసుకున్నారు. ఆ క్షణం వరకు మెంబరుగారి సీటుకు పెద్ద ప్రమాదం లేదు.

నేను అప్పుడు శ్రీకాకుళంలో ఒక దినపత్రికకు విలేకరిని. సంఘం విచారణ రహస్యం. పత్రికలవాళ్ళు లోపలికి రాకూడదు. లోపల జరిగినది, నివేదిక సభ ముందుకు వచ్చేవరకు, అచ్చు వేయకూడదు. వేస్తే అదీ సభాహక్కుల ఉల్లంఘనే, అప్పుడు మనమే వచ్చి అదే సంఘం ముందు నిలబడాలి. బంగళా గుమాస్తా ఈ సంగతులన్నీ నాకు మర్యాదగా చెప్పి తలుపు వేశాడు. మే నెల, పైగా కరెంటు పోయింది. అందుచేత కిటికీలన్నీ తెరిచే ఉంచారు. తమ వంతు కోసం కాచుకున్న సాక్షులతో పాటు నేనూ వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ముసలి రైతుది కాలువ అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచే గొంతు. దానికి రహస్యం అలవాటు లేదు.

మేర అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. పంట కళ్ళంలో నూర్చి రాశి పోశాక, రైతు దాన్ని ఇంటికి తోలుకుపోయే ముందు, ఏడాది పొడుగునా ఊరికి పని చేసినవాళ్ళ భాగం అక్కడికక్కడే కొలిచి ఇచ్చేవాడు. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు సాగగొట్టిన కమ్మరికి, బట్టలు ఉతికిన చాకలికి, గడ్డాలు గీసిన మంగలికి, కాలువ తూము దగ్గర కాపలా ఉండి నీళ్ళు వంతు తప్పకుండా మళ్ళించిన నీరుకట్టుకు. అదే మేర. దానికి బేరం లేదు, దణ్ణం పెట్టి పుచ్చుకోవలసిన పనీ లేదు. పని చేసినవాడు వచ్చి గోనె పరుస్తాడు, రైతు కుంచంతో కొలుస్తాడు. ఎవరి తర్వాత ఎవరికి కొలవాలో ఒక వరస ఉంది. ఎవరైనా కొత్తగా చేరితే వరసలో చివర నిలబడాలి.

ఆ ఊళ్ళో కొత్తగా చేరినవారు మెంబరుగారు.

ఆయన ఆ ఊరి మనిషి కాదు. అదే నియోజకవర్గంలో ఇంకో ఊరు, కాస్త ఉన్న కుటుంబం. రెండుసార్లు ఓడిపోయి మూడోసారి గెలిచారు. ఆ మెంబరు పదవి ఆయనకు ఎంత ఇష్టమంటే, ఇంటి దగ్గర కూడా ఎవరైనా మెంబరుగారూ అంటే తప్ప తల ఎత్తేవారు కాదు. మనిషి శుభ్రంగా ఉండేవారు. ఏ ఆఫీసులోనూ టీ తాగేవారు కాదు. "ఇవాళ టీ తాగితే రేపు మొహమాటం వస్తుంది," అని ఒకసారి కలెక్టరాఫీసు మెట్ల మీద నాతో అన్నారు. అదే మెట్ల మీద నేను తాగుతున్న టీ వైపు కూడా ఆయన మంచిగా చూడలేదు.

గెలిచిన మొదటి ఏడే సభలో ఒక ప్రశ్న వేశారు. వంశధార నుంచి ఆ ఊళ్ళకు నీళ్ళు తెచ్చే కాలువ మొగలో ఇసుక మేట వేసింది. ఈ సంగతి ప్రభుత్వానికి తెలుసా అని అడిగారు. తెలుసు అన్నారు మంత్రిగారు. తీయిస్తారా అని అడిగారు. పరిశీలనలో ఉందన్నారు. మా పత్రికలో అది మూడు లైన్లు వచ్చింది. ఆ ఎండాకాలం ఇసుక తీశారు. ప్రశ్న వేసినా వేయకపోయినా ఆ ఏడు తీసేవాళ్ళమేనని తర్వాత ఇంజనీరు నాతో చెప్పాడు. అయితే ఆ సంగతి రైతులకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవారు కాదు.

ఆ ఏడు కాలువ చివరి పొలాలు కూడా పండాయి. నూర్పిళ్ళప్పుడు ముసలి రైతు, అంటే ఆ ఊళ్ళో పదిమందీ మాట వినే పెద్దమనిషి, కళ్ళంలో ఒక సంగతి లేవనెత్తాడట. "నీరుకట్టోడు తూము కాడ నీరు వొదుల్తాడు. ఈయన హైదరాబాదు కాడ వొదుల్తాడు. పని ఒకటే కదేటి? ఆడికి మేర పెట్టి ఈయనికి పెట్టకపోతే ధర్మం కాదు." ఎవరూ కాదనలేదు. నీరుకట్టు తర్వాత గోనె పరిచి, మెంబరుగారి పేరు చెప్పి కొలిచారు. ఊళ్ళోని కళ్ళాలన్నీ తిరిగి, బండి కట్టి, ఆయన ఇంటికి తోలారు.

బండి వెళ్ళినప్పుడు మెంబరుగారు హైదరాబాదులో ఉన్నారు. ఇంటి వ్యవహారం ఆయన తల్లిది. ఆవిడ ధాన్యం గాదెలో పోయించి, బండివాళ్ళకు భోజనం పెట్టి పంపారు. కొడుకు వచ్చి అడిగితే, ఫలానా ఊరి రైతులు పంపించారన్నారు. ఆయన చాలా సంతోషించారు. రైతుల అభిమానం గురించి నాతో కూడా చెప్పారు. అభిమానం బస్తాల్లో వచ్చిందని నేను రాయబోతే వద్దన్నారు.

రెండో ఏడు ఆయన సభలో ఏమీ అడగలేదు. ఆరోగ్యం బాగాలేదు. నూర్పిళ్ళు అయ్యాయి గాని బండి రాలేదు. తల్లిగారు పాలేరును ఆ ఊరికి పంపి, ఈ ఏడు గింజలు రాలేదేటని అడిగించారు. మెంబరుగారు ఈ ఏడు పని చేయలేదు కాబట్టి ఆపామని రైతులు చెప్పారు. ఆవిడకు అది సబబుగానే తోచింది. కొడుకుతో, "ఆ కాలువూరోళ్ళ సంగతి కాస్త సూడరా," అని మాత్రం అన్నారు. ఆయన తర్వాతి సమావేశాల్లో కాలువ గట్టు గురించి ప్రశ్న వేశారు. బండి మళ్ళీ వచ్చింది.

ఇక్కడివరకు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ ఊరి మంగలి సంత రోజుల్లో నరసన్నపేట వచ్చి అక్కడ కొందరికి గడ్డం గీసేవాడు. వాళ్ళలో ఒకరు వకీలు, మెంబరుగారి మీద పోటీ చేసి ఓడిపోయిన మనిషి. ఒక సంత రోజున మంగలి గొప్పగా చెప్పాడు. "మా ఊళ్ళో మెంబరుగారిక్కూడా మేర పెట్టినాం బాబూ. పని సేసిన ఏడు పెడతన్నాం, సెయ్యని ఏడు ఆలింటి నుంచి మనిషొచ్చి అడిగినా లేదు." కత్తి గొంతు మీద ఉండబట్టి వకీలు కదల్లేదట. క్షవరం పూర్తయ్యాక కాగితం తీశాడు.

బయటివాడు ఫిర్యాదు చేస్తే సభ తీసుకోదు. సభ్యుడి మీద సభ్యుడే చెప్పాలి. వకీలు తన పార్టీ సభ్యుడొకరి చేత స్పీకరుకు నోటీసు ఇప్పించాడు. ప్రశ్నలు వేయడానికి ఓటర్ల దగ్గర ప్రతిఫలం పుచ్చుకుని, ఇవ్వని ఏడు మనిషిని పంపి అడిగించారని అందులో ఉంది. స్పీకరు దాన్ని హక్కుల సంఘానికి పంపారు. సభ్యుల నడవడి చూడడానికి వేరే సంఘాలు తర్వాత వచ్చాయి. అప్పట్లో సభను బయటివాళ్ళు తిట్టినా, లోపలివాళ్ళు సభ పరువు తీసినా అన్నింటికీ ఈ సంఘమే దిక్కు. అన్ని పార్టీల వాళ్ళూ అందులో ఉంటారు. విచారించి నివేదిక ఇస్తారు. దాన్ని బట్టి సభ ఆ సభ్యుణ్ణి మందలించి వదిలేయవచ్చు, కొన్నాళ్ళు రావద్దనవచ్చు, అసలే వెళ్ళగొట్టనూవచ్చు. ఇలాంటి వ్యవహారంలోనే ఢిల్లీలో ఒకాయన సీటు ఎప్పుడో పోయిందని ప్లీడరు మెంబరుగారికి మొదటి రోజే చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన సరిగా భోజనం చేయలేదని తల్లిగారు అనేవారు.

ప్లీడరు ఒక దారి కూడా చూపించాడు. ధాన్యం రావడం నిజం, కాదంటే లాభం లేదు. అది తరతరాల పల్లె ఆచారం, సభ్యుడు అడిగింది కాదు, ఊరు తన పద్ధతిలో ఇచ్చుకుంది అని రైతుల చేతే చెప్పించాలి. ఆచారాన్ని ఏ సంఘమూ శిక్షించదు. రైతులను హైదరాబాదు రప్పించడం కష్టమని, వేరే పని మీద ఇటువైపు వస్తున్న సంఘం సభ్యులు కొందరు శ్రీకాకుళంలోనే సాక్ష్యం తీసుకుంటామన్నారు. అంతా బాగానే కుదిరింది. ఆ ఆచారం పేరు మాత్రం ప్లీడరు మెంబరుగారికి ముందు చెప్పలేదు. ఆయనకు తెలుసనే అనుకున్నాడు.

సంఘం అధ్యక్షులు కృష్ణా వైపు పెద్దమనిషి. నిదానస్తుడు. ముసలి రైతుతో ప్రమాణం చేయించి, మీరు సభ్యులవారికి ధాన్యం ఇచ్చారా అని అడిగారు.

"ఇచ్చినాం బాబూ."

"ఎందుకిచ్చారు?"

"ఇవ్వకపోతే ఎలగ? పని సేసినారు కదా."

ప్లీడరు దగ్గాడు. "బహుమానంగా ఇచ్చారా?" అన్నారు అధ్యక్షులు.

"బహుమానం కాదు బాబూ, మేర. సాకలికీ, మంగలికీ, కమ్మరికీ, నీరుకట్టోడికీ ఎలగో ఈయనికీ అలగే. మాం తేడా సూడలేదు."

అప్పుడు లేచారు మెంబరుగారు. ఆయన ముఖం నాకు కిటికీలోంచి సగమే కనిపించింది. ఆ సగంలోనే తెలిసింది, ఆయన ఆ మాట వినడం అదే మొదటిసారి అని.

అది మేర కాదని రాయించాక, మరేమిటని అధ్యక్షులు అడిగారు.

"అభిమానం. రైతులు అభిమానంతో పంపించారు."

అధ్యక్షులు ముసలాయన వైపు తిరిగారు. "అభిమానమేనా?"

"అభిమానం ఉన్నాది బాబూ. నేకపోతే ఎలగ? గింజలు మాత్రం మేరవే."

"ఎంత ఇవ్వాలో ఎవరు నిర్ణయించారు?"

"అందరికీ ఒకటే కుంచం బాబూ."

"ఏటేటా ఇచ్చారా?"

"నేదు బాబూ. పని సేసిన ఏడే. ఓ ఏడు ఈయన సభలో నోరిప్పలేదు. ఆపేసినాం." ముసలాయన గొంతులో గర్వం ఉంది. తమ ఊరు ఊరికే ఎవరికీ గింజలు పంచిపెట్టదని, అంతా పద్ధతి ప్రకారం జరుగుతుందని సంఘానికి తెలియాలన్నదే ఆయన తాపత్రయం. "మళ్ళీ అడిగినారు, మళ్ళీ పెట్టినాం."

"ఏం అడిగారు? సభలో ప్రశ్న అడిగారా, మిమ్మల్ని ధాన్యం అడిగారా?"

ముసలాయన కొంచెం ఆలోచించాడు. ప్రమాణం చేసిన మనిషి.

"రెండూ అడిగినారు బాబూ."

ప్లీడరు కాగితాలు సర్దుకున్నాడు. సంఘం టీ కోసం లేచింది. మెంబరుగారికి కూడా కప్పు తెచ్చారు గాని ఆయన వద్దన్నారు.

ముసలాయన వరండాలోకి వచ్చి తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. లోపల చెప్పింది బయట చెప్పకూడదని ఆయనకు గుమాస్తా మళ్ళీ చెప్పాడు. అలాగేనని తల ఊపి, బల్ల మీద కూర్చున్న మంగలి వైపు తిరిగి, "బాగానే సెప్పినాను కదరా?" అన్నాడు.

"బాగానే సెప్పినావు మావా," అన్నాడు మంగలి. "సీటు పోయేటట్టే సెప్పినావు."

"ఏటీ? ఉన్నదే కదా సెప్పినాను."

"ఉన్నదే. అందుకే పోతాది."

ముసలాయనకు అర్థం కాలేదు. "ఒరే, లంచమైతే ఆ ఏడు ఎందుకు ఆపుతాం? లంచం ముందు ఇస్తారు. మాం పంటయ్యాక ఇచ్చినాం. ఇంత సదువుకున్న బాబులకి ఆమాత్రం తెలీదేటి? మరి ఆయనెందుకు మద్దిలో లేసి నిలబడినాడు?"

"నా పక్కన గోనె పరిసినారని కోపం."

"నీ పక్కన కాదురా, నీరుకట్టోడి పక్కన."

"ఎవుడి పక్కనైతే ఏటిలే మావా. ఆయనకేటి నష్టం? నాకే నష్టం. మేర పుచ్చుకున్నోళ్ళందరినీ కమిటీకి పిలుస్తామంటే రేపు గడ్డాలు ఎవుడు గీస్తాడు?"

వరండాలో అందరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు. మెంబరుగారితో ఒక్క మాట చెప్పి వస్తానని లేచాడు. తలుపు దగ్గర గుమాస్తా వెళ్ళనివ్వలేదు.

మంగలినీ పిలిచి అడిగారు. ముసలాయన చెప్పిందే అతనూ చెప్పాడు, కాస్త తక్కువ గొంతుతో. మా పత్రికకు నేను ఆ రోజు ఒక్క వాక్యం పంపాను. శాసనసభ హక్కుల సంఘం శ్రీకాకుళంలో సమావేశమై సాక్షులను విచారించింది అని. ఏజెన్సీ కొండల్లో గొడవల వార్తలకే చోటు చాలని రోజులవి. సాక్షులను విచారించింది అన్న ముక్క డెస్కులో తీసేశారు.

ఆ ఆదివారం మెంబరుగారు కబురు చేస్తే వాళ్ళ ఊరు వెళ్ళాను. ప్లీడరు ముందే వచ్చి ఉన్నాడు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని సంఘం గడువు పెట్టింది. ప్లీడరు రెండు చిత్తులు తయారు చేశాడు. ఒకదాంట్లో అది మేర. రెండో దాంట్లో అది కానుక. రెండోది పంపితే లాభం లేదని ఆయనే చెప్పాడు. కానుకైతే పని చేయని ఏడు ఎందుకు ఆగింది, ఆగితే మనిషిని ఎందుకు పంపారు అని అడుగుతారు. జవాబు లేదు.

"మేర అని సంతకం పెట్టండి సార్. ఆ రోజు ఆవేశంలో కాదన్నానని ఒక ముక్క చేర్చుదాం. బయటపడతారు."

"బయటపడి ఎక్కడికి వెళ్ళాలి? సభలో నన్ను ఏమని పిలుస్తారు?"

"గౌరవ సభ్యులు అనే పిలుస్తారు."

"గుమ్మం దాటాక?"

ప్లీడరు మొదటి చిత్తు ఆయన ముందుకు జరిపాడు. లోపలి గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న తల్లిగారు మాట్లాడారు.

"మేరే కదరా. మొదటేడే బండోళ్ళని అడిగినాను, ఏటీ గింజలని. మెంబరుగారి మేరమ్మా అన్నారు. బాగున్నాది, నా కొడుకు ఓ పనిలో కుదిరినాడనుకున్నాను."

"అమ్మా! నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు. ఎవరు పంపినారన్నావు, సెప్పినాను. ఎందుకు పంపినారని అడిగినావేటి?"

"మంగలితో సమానంగా నాకు గోనె పరిచారే!"

"మంగలికేటైందిరా? నీ పెళ్ళిలో మనూరి మంగలి సన్నాయి ఊదకపోతే నీకు పెళ్ళయ్యేదేటి? ఊరికి పని సేసినోడికి ఊరు పెడతాది. నచ్చకపోతే పని మానేయ్."

మెంబరుగారు ఆ రోజు రెండు చిత్తుల్లో దేని మీదా సంతకం పెట్టలేదు. గడువు చివర్లో తానే సొంతంగా రాసి పంపారు. నాకు చూపించారు, అచ్చు వేయకూడదు కాబట్టి. ధాన్యం మా ఇంటికి వచ్చిన మాట నిజం. ఇచ్చినవారు దాన్ని మేర అనుకున్నారు. నేను అభిమానం అనుకున్నాను. మా తల్లి మనిషిని పంపిన సంగతి అప్పట్లో నాకు తెలియదు, అయినా ఇల్లు నాది కాబట్టి బాధ్యత నాది. ఇద్దరిలో ఎవరి మాట సరైనదైతే దాని ప్రకారం నాకు ఏది తగునో సంఘమే నిర్ణయించాలి. అంతే ఉంది అందులో. చదివి ఇచ్చేశాను. బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. లోపలికి వెళ్ళి భోజనం చేసి వచ్చారు.

సంఘం హైదరాబాదులో కూర్చుంది. నాకు తెలిసిందంతా ఒక సభ్యుడు చాలా ఏళ్ళ తర్వాత రైల్లో చెప్పినది. సగంమంది లంచమన్నారు. ప్రశ్నకూ గింజలకూ లంకె సాక్ష్యంలో స్పష్టంగా ఉందన్నారు. మిగతా సగంమంది పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు మేర అంటే తెలుసు, లంచం అంటే కూడా తెలుసు, రెండూ ఒకటి కావన్నారు. అయితే ఆ మాట నివేదికలో రాయడానికి వాళ్ళూ ఇష్టపడలేదు. రాస్తే శాసనసభ్యుడు ఊరి పనివాడని సభే ఒప్పుకున్నట్టు అవుతుంది. న్యాయ కార్యదర్శి ఇంకో సందేహం లేవదీశారు. మేర పుచ్చుకునేది ఉద్యోగమైతే, అది సభ్యుడు చేపట్టకూడని లాభదాయక పదవి అవుతుందా? ఊరు ప్రభుత్వం కాదు కాబట్టి అవదని తేల్చడానికి రెండు సమావేశాలు పట్టింది. ఆ తర్వాత, మొదట ఒక నియమం ఉండాలని, సభ్యులు ఓటర్ల నుంచి ఏవి తీసుకోవచ్చో ఏవి తీసుకోకూడదో రాసుకుని, అప్పుడు ఈ సంగతి తేల్చుదామని అనుకున్నారు. మిగతా రాష్ట్రాలకు రాశారు. కొన్ని జవాబులు వచ్చాయి. మా దగ్గర ఇలాంటిది రాలేదు, మీరు ఏం చేశారో మాకు తెలియజేయండి అని ఉంది వాటిలో.

ఈలోగా మెంబరుగారు సభకు వెళ్తూనే ఉన్నారు. కాలువ గురించి మాత్రం నోరెత్తలేదు. ఎత్తితే బండి వస్తుందని భయం. ఆ ఊరివాళ్ళు తమ పద్ధతి ప్రకారం ఆపేశారు. ముసలి రైతు ఒకసారి ఆయన ఇంటికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా అరుగు మీదే కూర్చుని, "నా వల్ల ఏటైనా పొరపాటైతే ఇంకోసారి ప్రమాణం సేసి సెప్తాను బాబూ," అన్నాడట. అలా రెండోసారి చెప్పనివ్వరని మెంబరుగారు చెప్పారట.

ఎన్నికలొచ్చాయి. పార్టీ ఆయనకు టిక్కెట్టు ఇవ్వలేదు. తప్పు చేశారని కాదు, సంగతి తేలలేదు కదా అన్నారు. తేలే వీలు కూడా అప్పటికి లేదు. సభ రద్దయినప్పుడు సంఘాల ముందున్న వ్యవహారాలన్నీ దానితోపాటే రద్దవుతాయి. కొత్త సభ వచ్చాక, తన సంగతి తేల్చమని ఆయన స్పీకరు కార్యాలయానికి రెండుసార్లు రాశారు. మీరు ఇప్పుడు సభ్యులు కారు కాబట్టి మీ నడవడి ఈ సభ పరిధిలోకి రాదని జవాబు వచ్చింది. ఆయన మళ్ళీ పోటీ చేయలేదు. సభ్యులు ఓటర్ల నుంచి ఏవి తీసుకోవచ్చో చెప్పే నియమం ఆ సంఘం రాయలేదు. ఆయన తీసుకున్నది తప్పో కాదో ఆ సభ గాని, ఆ తర్వాతి సభ గాని చెప్పలేదు.